అప్పగింత

ఇది ఒక కుక్కను గురించిన వ్యాసం. అంతమాత్రాన దీన్ని పక్కన పెట్టెయ్యవద్దని చదువరులకు మనవి. ఈ మనవి ఎందుకంటే, దీన్ని రాయబోతున్నానని మా అధ్యాపకుల గదిలో అన్నప్పుడు ఒక మిత్రుడు వెంటనే, "మనుషులకే దిక్కులేని దేశంలో కుక్కల గొడవ ఎత్తుకున్నావేమయ్యా?" అన్నాడు. ఆ మాట కొట్టిపారెయ్యదగింది కాదు. మన దేశంలో కుక్క మీద ప్రేమ, కుక్క అంటే భయం కూడా వర్గాలను బట్టే పంచబడి ఉన్నాయి. కారులో వచ్చి వీధికుక్కకు బిస్కట్లు వేసి వెళ్లేవాళ్లు వేరు. రాత్రి రెండో ఆట సినిమాకో, పన్నెండు గంటల డ్యూటీకో నడిచిపోతూ అదే కుక్క చేత కరిపించుకునేవాళ్లు వేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు పీకి చంపిన నాలుగేళ్ల పిల్లవాడు పొట్ట చేతబట్టుకుని నగరానికి వచ్చిన ఒక కాపలాదారు కొడుకు. మేడల్లో ఉండేవాళ్ల పిల్లలకు ఆ చావు రాదు. దీన్ని మరిచిపోయి జీవకారుణ్యం గురించి మాట్లాడేవాడి మాట నాకూ వినబుద్ధి కాదు.

అయినా రాస్తున్నాను. నా ప్రశ్న కుక్కల మీద దయ చూపాలా వద్దా అన్నది కాదు. ఒకరి అవసరంలో కొన్నాళ్లపాటు ఆశ్రయమిచ్చినవాడికి, ఆ ఆశ్రయంలో ఉన్నదాని మీద ఎంత హక్కు ఉంటుంది? దాని బాగేమిటో నిర్ణయించే అధికారం అతనికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ ప్రశ్న నా మీదికి ఒక కుక్క రూపంలో వచ్చింది గనక కుక్కతోనే మొదలుపెడుతున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి, గండ్లుపడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వగైరా పేటలు మునిగిపోయాయి. అవతల కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు పోతున్నది. మునిగినవి ప్రధానంగా ఎవరి ఇళ్లో వేరే చెప్పక్కరలేదు. ఏరు పారే పల్లాల్లో ఇల్లు కట్టుకునేవాడు సరదాపడి కట్టుకోడు. మా వీధి కాస్త మెరక. మా వీధిలో నాలుగిళ్లలో పాచిపని చేసే ఒకావిడ రెండో రోజు సాయంత్రం నడుంలోతు నీళ్లలో కొంత, ట్రాక్టరు మీద కొంత ప్రయాణం చేసి, ఇద్దరు పిల్లలతోనూ ఒక కుక్కతోనూ మా గేటు ముందు నిలబడింది. మొగుడు ముఠా కూలీ. ఇంటి మీదికప్పు మీద సామాను కాపలా ఉన్నాడు. పిల్లల్ని తీసుకుని పునరావాస కేంద్రానికి పోతానంది. కుక్కను అక్కడికి రానివ్వరు.

"నాలుగు రోజులు ఉంచండి మాస్టారూ. నీళ్లు తియ్యంగానే తీసకపోతా. చిట్టి ఎవురినీ ఏమనదు" అంది.

ఉంచుతానన్నాను. ఒప్పందం ఇంతే. ఇందులో కాగితాలు లేవు, గడువు లేదు. నాలుగు రోజులంటే నాలుగు రోజులు కాదని ఇద్దరికీ తెలుసు.

చిట్టి గోధుమరంగు ఊరకుక్క. ఎడమచెవి కొస కత్తిరించి ఉంది, అంటే ఆపరేషను చేసి వదిలిన కుక్కన్నమాట. గొలుసు ఎరగదు. సింగ్‌నగర్‌లో అది ఆ ఇంటికెంతో ఆ సందుకూ అంతే. తిండి మాత్రం ఆ ఇంట్లో. అటువంటి కుక్క కొత్తచోట కుదురుకోవడమంటే ఏమిటో నాకు ఆ నెల రోజుల్లో తెలిసింది. కొంత పశువుల డాక్టరు చెప్పగా తెలిసింది, ఎక్కువ భాగం తప్పులు చేసి తెలిసింది.

మొదటి తప్పు స్నానం. ఒళ్లంతా బురద గదా అని వచ్చిన రాత్రే పంపు దగ్గర కడిగాము. వణికిపోయి మెట్లకిందికి దూరి, రెండు రోజులు బయటికి రాలేదు. దాని ఒంటిమీద మిగిలిన తన ఇంటివాసన మేము ఆ రాత్రి కడిగేశామని తర్వాత డాక్టరు అన్నాడు. కుక్కకు ఇల్లంటే గోడలు కాదు, వాసనలు. రెండో తప్పు, దాని చుట్టూ చేరడం. మా పిల్లవాడు, పక్కింటి పిల్లలు, ఓదార్చడానికని నా భార్య, పరిశీలించడానికని నేను, అందరమూ మెట్ల దగ్గరే. భయపడినవాణ్ణి పదిమంది చుట్టుముట్టి "భయపడకు" అని చెబితే భయం పోతుందా? మూడో రోజు డాక్టరు చెప్పినట్టు అందరమూ లోపలికి వచ్చేశాము. వరండా మూల గోనెసంచి మీద ఆవిడ వదిలివెళ్లిన పాత చీరముక్క పరిచి, నీళ్ల సత్తుగిన్నె ఒకటి, పెరుగన్నం గిన్నె ఒకటి పెట్టి, అది ఉన్న దిక్కు చూడడం మానేశాము. ఆ రాత్రి అన్నం తిన్నది.

ఆ తర్వాత అంతా వేళలు. పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి తిండి. ఒకటే గిన్నె, ఒకటే చోటు. వీధిలోకి ఒకటే దారి. గేటు ఎప్పుడూ వేసి ఉండాలి, ఎందుకంటే ఇటువంటి కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే. అవి పాత ఇంటికి దారి వెతుక్కుంటూ పోతాయి. మా చిట్టి పోదామన్నా పాత ఇల్లు నీళ్లలో ఉంది. నులిపురుగుల మందు, రేబీస్ టీకా వేయించాము. కొత్తచోటికి వచ్చిన కుక్కకు బెదురు తగ్గడానికి మూడు రోజులు, వేళలు పట్టుబడడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అని కుక్కల్ని సాకేవాళ్లు ఒక లెక్క చెబుతారు. ఇది శాస్త్రం కాదు, అనుభవంతో వేసిన అంచనా. మా విషయంలో ఇంచుమించు సరిపోయింది. మూడో వారం చివర ఒక సాయంత్రం నేను కళాశాల నుంచి వస్తుంటే, సైకిలు మలుపు తిరగకముందే గేటు లోపల తోక గోడకు కొట్టుకునే చప్పుడు వినిపించింది.

నాకు చాలా సంతోషం కలిగింది. ఆ సంతోషాన్నే ఇప్పుడు కాస్త పరీక్షించవలసి ఉంది.

మనవాళ్లు దీన్ని విశ్వాసం అంటారు. కుక్కకు మనం ఇచ్చిన ఒకే ఒక్క మంచి మాట అది. తక్కిన మాటలన్నీ తిట్లే: కుక్కబతుకు, కుక్కచావు. సుమతీ శతకకారుడయితే కుక్కను బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా దాని పుట్టుకబుద్ధి పోదని తేల్చాడు. ఆ పద్యం కుక్కను గురించింది కాదని, పుట్టుకను బట్టి మనుషుల్ని ఎక్కడివాళ్లనక్కడ కూర్చోబెట్టడానికి రాసిందని మన విద్యార్థులకు నేను తరగతిలో చెబుతూనే ఉంటాను. కాని విశ్వాసం అనే పొగడ్త ఆ తిట్టుకంటె ప్రమాదకరమైనది. భూస్వామి తన పాలేరును ఏ మాటతో మెచ్చుకునేవాడో సరిగ్గా ఆ మాటతోనే మనం కుక్కను మెచ్చుకుంటున్నాము. కొట్టినా పోదు, పస్తుపెట్టినా అడగదు, ఇల్లు కాస్తుంది. ఇది యజమాని నీతి. అందులో కుక్క స్వభావమెంతో, యజమాని కోరిక ఎంతో విడదీసి చూడాలి.

పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన పని మనవాళ్లలో చాలామందికి తెలుసు. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద. నిబంధిత ప్రతిచర్యల మీద కాదు. కాని లోకం గుర్తుంచుకున్నది రెండోదాన్నే. తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడు వినేసరికి కుక్క నోట నీరూరుతుంది. చిట్టి తోక గోడకు తగలడంలో నా సైకిలు చప్పుడుకూ ఏడింటి పెరుగన్నానికీ ఉన్న సంబంధం ఎంత, నా మీది ప్రేమ ఎంత అని నన్ను నేను అడుగుకున్నాను. పూర్తిగా తిండే అనడం కూడా పొరపాటే. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిన గ్రంథంలో, కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక దశ ఉంటుందని, ఆ రోజుల్లో మనిషితో మెలిగిన పిల్ల మనిషిని తనవాడుగా చేర్చుకుంటుందని చూపించారు. అంటే చిట్టికి మనిషి తనవాడు అయింది నా వరండాలో కాదు. ఏళ్ల కిందట సింగ్‌నగర్ సందులో, ఆవిడ పిల్లల చేతుల్లో. నేను అందుకున్నది ఆ పిల్లలు వేసిన పంట. (వాతావరణమే సమస్తమని, వారసత్వం అబద్ధమని వాదించిన కాలం ఒకటి వామపక్షంలో ఉండేది. ఆ వాదాన్ని ఒప్పుకోనందుకు 1948లో ఉద్యోగం పోగొట్టుకున్న బెల్యాయెవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడే, 1959 నుంచి నోవొసిబిర్‌స్క్‌లో నక్కల్ని తరతరాలుగా ఏరి పెంచి, కొన్ని తరాల్లోనే తోకాడించే నక్కల్ని తయారుచేసి చూపించాడు. ఈ పాఠం మనం ఆలస్యంగా నేర్చుకున్నాము.)

కుక్కను గురించి మన సాహిత్యం ఏమంటుందో కూడా చూడాలి. భారతం ఆరంభంలో ఒక కుక్క ఉంది, చివర ఒక కుక్క ఉంది. ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్లు యాగశాల దగ్గర తిరుగుతున్న సరమ కొడుకును కొట్టారు. అది హవిస్సు ముట్టలేదు, కనీసం చూడలేదు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పు చేశాడని నా కొడుకును కొట్టారని నిలదీసింది. రాజు దగ్గర జవాబు లేదు. నన్నయ తెలుగులో ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు అక్కడ కనిపించేది విశ్వాసం కాదు, న్యాయం అడిగే హక్కు. ఇక మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు, వెంటవచ్చిన కుక్కను వదిలితేనే స్వర్గం అని ఇంద్రుడంటే, వదలనన్నాడు. గొప్ప ఘట్టమే, సందేహం లేదు. కాని చివరికి ఆ కుక్క ధర్మదేవత అయి కూర్చుంది. ఈ మలుపు నాకెప్పుడూ నచ్చలేదు. కుక్క కుక్కగానే ఉండిపోతే ధర్మరాజు చేసిన పని తక్కువదవుతుందా? దేవుడని తేలితే తప్ప దాని కోసం స్వర్గం వదులుకోవడం సమర్థనీయం కాదని కథకుడు భయపడినట్టుంది.

ప్రేమ్‌చంద్‌కు ఆ భయం లేదు. 1930లో ఆయన రాసిన "పూస్ కీ రాత్" కథలో హల్కూ కంబళి కొనుక్కుందామని దాచుకున్న డబ్బు అప్పులవాడి పాలవుతుంది. పుష్యమాసపు చలిలో పొలం కాపలా పడుకుని, చలికి ఆగలేక తన కుక్క జబ్రాను ఒళ్లోకి తీసుకుంటాడు. దాని ఒంటి కంపు అతనికి తెలుస్తూనే ఉంటుంది. దాని ఒంటి వేడి కూడా తెలుస్తుంది. ఇక్కడ దయ చూపేవాడు, దయ పొందేది అని ఇద్దరు లేరు. ఇద్దరికీ కంబళి లేదు. నా వరండాలో చిట్టికీ నాకూ మధ్య ఈ సంబంధం లేదు, ఉండదు. అది సింగ్‌నగర్‌లో ఉండేది. ఈ తేడా నాకు ఆరోజుల్లో తట్టలేదు.

సెప్టెంబరు వెళ్లింది. నీళ్లు తీశాయి. ఆవిడ రాలేదు. పనికి కూడా రాలేదు; వేరే మనిషి వస్తున్నది. ఆవిడ ఫోను వరదలో పోయిందట, నా దగ్గరున్న నంబరు పలకడం లేదు. నూజివీడు వైపు పుట్టింటికి వెళ్లారని ఒకరు అన్నారు. ఆరు వారాలు చూశాను. ఆ సందు నుంచే మా పక్క వీధికి పనికి వచ్చేవాళ్లు మరో ఇద్దరున్నారు. వాళ్లను గట్టిగా అడిగితే కబురు తెలిసేది. అడగలేదు. ఎందుకు అడగలేదని ఇప్పుడు ఆలోచిస్తే, నాకు అప్పటికే ఒక మంచి ఇల్లు కనబడిందన్నది నిజమైన జవాబు.

మా అద్దె ఇంటాయనకు కుక్క ఉండడం ఇష్టం లేదు. ఎక్కువ రోజులు కుదరదని రెండుసార్లు చెప్పాడు. ఆ సమయంలో కంకిపాడు వైపు ఉన్న ఒక రిటైరయిన ఇంజనీరు, మాకు దూరపు పరిచయస్థుడు, కుక్క ఏదన్నా ఉంటే చెప్పమన్నాడు. పెద్ద దొడ్డి. మామిడిచెట్లు. ప్రహరీ. చిన్న మనవరాలు. ఊరకుక్క అయినా అభ్యంతరం లేదన్నాడు; ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. డబ్బున్న ఇళ్లలో చాలామంది జాతికుక్క కావాలంటారు, దానికి చలిదేశపు పేరుండాలి, ఒంటినిండా బొచ్చుండాలి, అది మన ఎండకు నాలుక వేలాడేసి రొప్పుతుండాలి.

అప్పగింత మాత్రం చాలా జాగ్రత్తగా జరిపాను. దాని గురించి చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. ముందు ఆ దంపతులు రెండు ఆదివారాలు మా ఇంటికి వచ్చి చిట్టికి అన్నం పెట్టారు. తర్వాత ఒకసారి మేమే దాన్ని అక్కడికి తీసుకుపోయి, దొడ్డి అంతా వాసన చూడనిచ్చి, వెనక్కి తెచ్చాము. చివర వదిలినప్పుడు గోనెసంచి, చీరముక్క, సత్తుగిన్నె దానితోపాటే పంపాము. తిండి వేళలు ఆరూ ఏడూ అని కాగితం మీద రాసిచ్చాను. మొదటి వారం స్నానం వద్దన్నాను, చుట్టాల్ని పిలవవద్దన్నాను, మనవరాల్ని దూరంగా కూర్చుని గిన్నె మాత్రం జరపమన్నాను. వాళ్లు "డైసీ" అని పేరు మారిస్తే, కొన్నాళ్లు రెండు పేర్లూ కలిపి పిలవమన్నాను. నెల తిరిగేసరికి కుదురుకుంది. కుక్క పక్షాన ఆలోచించవలసినదంతా ఆలోచించానని తృప్తి పడ్డాను.

డిసెంబరులో ఆవిడ వచ్చింది. పిల్లలు గేటు బయటే నిలబడి లోపలికి తొంగి చూస్తున్నారు.

"చిట్టి ఏది మాస్టారూ?"

చెప్పాను. పెద్ద దొడ్డి అని చెప్పాను, మామిడిచెట్ల సంగతి కూడా చెప్పాను. పాలు పోస్తారని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ అంతా విని, "మంచోళ్లేగా?" అంది. చాలా మంచివాళ్లన్నాను. "అయితే ఉండనీయండి. మా కాడ ఏముందిలే" అంది. పెద్దపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ దాని నెత్తిన ఒకటి వేసి తీసుకుపోయింది.

ఆమె ఒప్పుకుంది గనక సమస్య తీరిందనుకునేవాళ్లు ఉంటారు. ఒక పెద్దమనిషి తన ఇంటి మెట్ల మీద నిలబడి జరిగిపోయినదాన్ని చెబుతుంటే, ఆయన ఇంట్లో మళ్లీ పని దొరుకుతుందేమోనని వచ్చిన మనిషి కింద నిలబడి "ఉండనీయండి" అనడం ఒప్పుకోవడమా? మన గ్రామాల్లో భూమి తగాదాలు ఎన్ని ఇట్లాగే "పరిష్కారం" కాలేదు!

ఇది నా ఒక్కడి పొరపాటయితే వ్యాసం రాయవలసిన పని లేదు. 2005 ఆగస్టు చివర కత్రీనా తుపాను అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు ఇదే సంగతి ఎంతో పెద్ద ఎత్తున జరిగింది. కార్లున్నవాళ్లు కుక్కల్ని వేసుకుని వెళ్లిపోయారు. కార్లు లేనివాళ్లలో అధిక సంఖ్యాకులు నల్లవాళ్లు, ముసలివాళ్లు, బీదవాళ్లు. వాళ్లను ఎక్కించుకున్న బస్సుల్లో, శిబిరాల్లో కుక్కలకు చోటు లేదు. వదిలిపెట్టి రమ్మన్నారు. తర్వాత స్వచ్ఛంద సేవకులు పడవల మీద పోయి వేలకొద్దీ జంతువుల్ని కాపాడి దూరదూర రాష్ట్రాలకు పంపారు. అక్కడ వాటికి కొత్త ఇళ్లు దొరికాయి. నెలల తర్వాత పాతవాళ్లు వెతుక్కుంటూ వచ్చి మా కుక్కను మాకివ్వండంటే కొత్తవాళ్లలో కొందరు ఇవ్వలేదు. వదిలేసి పోయినవాళ్లకు మళ్లీ ఎందుకివ్వాలన్నారు, మా దగ్గరే బాగుందన్నారు. వ్యవహారాలు కోర్టులకెక్కాయి. దీని మీద "మైన్" అని ఒక డాక్యుమెంటరీ చిత్రం 2009లో వచ్చింది. అమెరికా ప్రభుత్వం 2006లో ఒక చట్టం చేసి, విపత్తుల్లో జనాన్ని తరలించే ప్రణాళికల్లో పెంపుడు జంతువులకు కూడా ఏర్పాటు ఉండాలంది. అంటే తప్పు కుక్కను వదిలినవాడిది కాదు, కుక్కతో ఎక్కనివ్వని బస్సుదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మన పునరావాస కేంద్రాలకు ఆ ఆలోచన ఇంకా దూరంగానే ఉంది.

"మా దగ్గరే బాగుంది" అన్న మాటను పట్టుకుని చూడండి. ఆస్ట్రేలియాలో ఆదివాసుల పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయి తెల్లవాళ్ల ఇళ్లలోనూ ఆశ్రమాల్లోనూ పెట్టినవాళ్లు దశాబ్దాలపాటు చెప్పిన మాట ఇదే. 2008లో ఆ దేశపు పార్లమెంటులో ప్రధానమంత్రి రడ్ దానికి క్షమాపణ చెప్పాడు. కుక్కనూ పిల్లల్నీ ఒకటి చేస్తున్నానని అనుకోవద్దు. ఒకటిగా ఉన్నది కొలబద్ద: మంచి ఇల్లు అంటే ఎన్ని గజాల ఇల్లు, ఎన్ని పూటల పాలు అని లెక్కవేసే కొలబద్ద. నేను వామపక్షం వాణ్ణని చెప్పుకుంటాను. ఆ కొలబద్ద నా చేతిలోనూ ఉంది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఎవరన్నా లేచి ఒక ఎదురుప్రశ్న వెయ్యవచ్చు. కుక్క ఆవిడ ఆస్తి గనక ఆవిడకే ఇవ్వాలంటున్నారా, ఇది సొంత ఆస్తి హక్కును సమర్థించడం కాదా అని. మంచి ప్రశ్న. నేను ఆస్తిహక్కు మాట ఎత్తడం లేదు. ఆవిడ చిట్టిని కొనలేదు, అమ్మదు. తన కంచంలో ముద్ద తీసి ఏళ్ల తరబడి పెట్టింది; వరదలో పిల్లల్ని రెండు చేతులా పట్టుకుని కూడా దాన్ని వదలలేదు. ఈ సంబంధం శ్రమతో ఏర్పడింది. నా మూడు వారాల పెరుగన్నం కూడా శ్రమే, కాదనను. కాని ఆవిడ శ్రమ లెక్కలోకి రాకుండానే నా శ్రమ లెక్కకు వచ్చిందే, తప్పు అక్కడుంది. పైగా నాది అప్పగించబడిన కుక్క. నాకు అప్పగించినదాన్ని ఇంకొకరికి అప్పగించాను.

కుక్కనే అడగండి, అది ఎవరి దగ్గరికి పోతే వాళ్లకివ్వండి అన్నాడు మా మిత్రుడు, సోలొమన్ రాజులాగా. చూడడానికి ఇది చాలా ప్రజాస్వామికంగా ఉంటుంది. కాని కుక్క నిన్న ఎవరు అన్నం పెట్టారో వాళ్ల దగ్గరికి పోవచ్చు, ఏళ్ల కిందటి వాసన దగ్గరికీ పోవచ్చు. రెండూ దానికి నిజమే. మనం తేల్చుకోలేని దాన్ని దాని తోకకు కట్టి తేల్చమనడం బాధ్యత తప్పించుకోవడం. తాత్కాలికపు దయలో ఎప్పుడూ ఈ తప్పించుకోవడం ఉంటుంది. లైకాను తలుచుకోండి. అది మాస్కో వీధుల్లో పట్టిన ఊరకుక్క. ఆకలికీ చలికీ అలవాటుపడింది గనకనే దాన్ని ఎన్నుకున్నారు. 1957 నవంబరు 3న రెండో స్పుత్నిక్‌లో పంపేముందు, యాజ్‌దోవ్‌స్కీ అనే వైద్యుడు దాన్ని ఒకసారి ఇంటికి తీసుకుపోయి తన పిల్లలతో ఆడుకోనిచ్చాడు. తిరిగివచ్చే ఏర్పాటు ఆ ఉపగ్రహంలో లేదని ఆయనకు తెలుసు. అది అంతరిక్షంలో కొన్ని రోజులు బతికిందని మనవాళ్లు నమ్ముతూ వచ్చారు. వేడికి తట్టుకోలేక కొన్ని గంటల్లోనే చచ్చిపోయిందని 2002లో గాని బయటపడలేదు. ఆ పనిలో ఉన్న శాస్త్రజ్ఞుల్లో ఒకడైన గజెంకో, దాని చావుకు తగినంత ఫలితం రాలేదని 1998లో పశ్చాత్తాపం ప్రకటించాడు. యాజ్‌దోవ్‌స్కీ దుర్మార్గుడు కాదు. ఆ సాయంత్రం కుక్కకు బాగానే గడిచి ఉంటుంది. కాని అది ఎక్కవలసిన ఓడ మారలేదు. నా చీరముక్క, సత్తుగిన్నె, తిండివేళల కాగితం కూడా ఆ సాయంత్రం లాంటివే.

జనవరిలో సంక్రాంతి సెలవులకు ఆవిడనూ పిల్లల్నీ కంకిపాడు తీసుకువెళ్లాను. ఇంజనీరుగారితో ముందే మాట్లాడాను. ఆయనకు మొదట కోపం వచ్చింది, తర్వాత తగ్గింది. ఆవిడ కావాలంటే తీసుకుపోవచ్చన్నాడు. గేటు తియ్యగానే చిట్టి మొరిగింది. దగ్గరికి వచ్చి వాసన చూసి, నిమిషంపాటు కదలకుండా నిలబడి, తర్వాత ఆ చిన్నపిల్ల మీదికి ఎగబడి నేలమీద పొర్లించింది. ఇంజనీరుగారి మనవరాలు తలుపు చాటునుంచి చూస్తున్నది.

తీసుకుపోతావా అమ్మా అని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ చెప్పింది అప్పుడు: పాత ఇల్లు పనికిరాకుండా పోయింది, ఇప్పుడు అద్దెకున్నది మేడమీద ఒక గది, ఇంటివాళ్లు కుక్కను రానివ్వరు. ఇల్లు ఇచ్చేముందు కులం అడిగారు, పిల్లలెందరని అడిగారు, కుక్క ఉందా అని కూడా అడిగారు. కాబట్టి చిట్టి ఎక్కడ ఉండాలో నేనూ, కుక్కా, ఇంజనీరుగారూ ఎవరమూ నిర్ణయించలేదు. ఆవిడ ఇంటి యజమానే నిర్ణయించాడు. ఆయన చిట్టిని చూడనైనా లేదు.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ పట్టి ఆశ్రయాల్లో పెట్టమని, ఆ నెల 22న ఆ ఉత్తర్వు మార్చి, పిచ్చివీ కరిచే స్వభావంగలవీ తప్ప తక్కినవాటిని ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టినచోటే వదలమని చెప్పింది. పట్టినచోటే వదలాలన్న నియమం 2001 నాటి నుంచీ ఉంది. ఆ వార్తలు చదువుతుంటే నాకొకటి విచిత్రంగా తోచింది. ఏ ఇల్లూ లేని కుక్కకు దాని సందు మీద చట్టం ఒప్పుకున్న చోటు ఉంది. మనిషి సాకిన కుక్కకు, ఆ మనిషి అద్దెకుండేవాడయితే, లేదు. కుక్కతో ఉన్న మనిషికీ లేదు.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు, అప్పుడప్పుడు వచ్చి చూసిపోవచ్చా అని ఆవిడ అడిగింది. పాతవాళ్లు వచ్చిపోతుంటే కుక్క కొత్తచోట కుదురుకోదని నేనే ఇంజనీరుగారికి అక్టోబరులో చెప్పి ఉన్నాను. ఆయన ఆ మాటే నా వైపు చూస్తూ అన్నాడు. అది మొదటి నెలల మాట అని సర్దాను. వేసవి దాకా ఆవిడ రెండుసార్లే వెళ్లగలిగింది. పిల్లలతో రానూపోనూ చార్జీలకు ఒక పూట కూలి పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేదు గదా, అప్పట్నుంచి నెలకొక ఆదివారం పోతున్నది. తిరిగి వచ్చిన రాత్రి చిట్టి గేటు దగ్గరే పడుకుంటుందట, అన్నం ముట్టదట. దాన్ని బాధపెట్టడమెందుకు, రావద్దని చెప్పమంటారా అని ఇంజనీరుగారు మొన్న ఫోను చేశాడు.

చెప్పవద్దన్నాను. నెలకొక రాత్రి అన్నం మానేస్తే కుక్కకు ఏమీ కాదు, గిన్నె అక్కడే ఉంచండి, పొద్దున తింటుందన్నాను.